దొంగచాటుగా విన్న కబుర్లు

ఆదివారం మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక, పత్రిక పట్టుకుని నడుం వాలుస్తాం. ముందు ఏ పేజీ తిప్పుతామో నేను చెప్పక్కర్లేదు, సినిమా తారల కబుర్లు! సరే, ఆ కబురు పత్రికవాళ్ళకి ఎలా చేరిందని ఎప్పుడైనా అనుకున్నారా?

బ్రిటన్‌లో ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ అని ఒక ఆదివారం పత్రిక ఉండేది. 1843లో పుట్టింది. చివరి రోజుల్లో కూడా వారానికి 25 లక్షల ప్రతులకు పైగా అమ్ముడయ్యేది. పేరున్నవాళ్ళ ఇంటి గుట్టే దాని సరుకు.

ఆ గుట్టు ఎలా లాగేవారో చూడండి. మనం ఫోను తియ్యకపోతే అవతలివాళ్ళు తమ మాట చెప్పి పెట్టే సదుపాయం ఉంటుంది, వాయిస్ మెయిల్ అంటారు. నాలుగంకెల రహస్య సంఖ్య తెలిస్తే దాన్ని వేరే ఫోను నించి కూడా వినచ్చు. కంపెనీ ఇచ్చిన అంకెల్ని చాలామంది మార్చుకోనేలేదు. బీరువాకి తాళం వేసి చెవి దానికే వదిలేసినట్టన్నమాట! ఒకరు ఫోను చేసి లైను ఆపి ఉంచితే, రెండోవారు చేసిన ఫోను తిన్నగా ఆ సందేశాల దగ్గరికి పోయేది. అంకెలు మార్చుకున్నవాళ్ళ సంగతో? ఫోను కంపెనీతో ‘మేం ఫలానా’ అని బొంకి పని జరిపించుకునేవారు. ఇవాళ మనకి ఫోను చేసి ‘బ్యాంకు నించండీ, ఓటీపీ చెప్పండి’ అనేవాళ్ళకి వీళ్ళు పెద్దన్నలు.

2005లో యువరాజు విలియం మోకాలి నొప్పి సంగతి ఆ పత్రికలో పడింది. ఏ కొద్దిమందికో తప్ప తెలియని సంగతి! అక్కడ తీగ కదిలింది. 2007లో రాజకుటుంబం వార్తలు రాసే సంపాదకుడూ, అతనికి పనిచేసిన ప్రైవేటు డిటెక్టివూ జైలుకెళ్ళారు. ఇది ఒక్క మనిషి చేసిన పని అని యాజమాన్యం చేతులు దులుపుకుంది.

2011 జూలైలో ‘గార్డియన్’ పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. 2002లో కనబడకుండా పోయి హత్యకు గురైన 13 ఏళ్ళ పిల్ల ఫోను కూడా వీళ్ళు విన్నారట! కన్నవాళ్ళు కూతురి కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్న రోజులవి. సందేశాల్ని చెరిపింది కూడా వీళ్ళేనని గార్డియన్ మొదట రాసింది గాని, అందుకు రుజువు లేదని తేలాక సవరించుకుంది. విన్న మాట మాత్రం నిజం. తారల కబుర్లు చదివి నవ్వుకున్న జనమే భగ్గుమన్నారు. ఆ నెల 10న పత్రిక మూతపడింది. 2014లో పాత సంపాదకుడు ఆండీ కూల్సన్‌కి 18 నెలల శిక్ష పడింది. మరో సంపాదకురాలు రెబెకా బ్రూక్స్ నిర్దోషి అని కోర్టు చెప్పింది.

లంచగొండి గుట్టు లాగితే ఊరికి మేలు. ఎవరి మోకాలు నొప్పెడితే ఊరికేమిటి చెప్పండి!

నన్ను ఎక్కువగా పట్టుకున్నది సియెన్నా మిల్లర్ అనే నటి మాట. 2011లో జస్టిస్ లెవిసన్ విచారణలో ఆవిడ చెప్పింది: ఇంట్లో అనుకున్న మాటలు పత్రికలో వస్తూంటే, డబ్బుకి అమ్ముతున్నారేమోనని అయినవాళ్ళనీ, స్నేహితులనీ నిలదీసిందట. వాళ్ళెవరూ పల్లెత్తు మాట బయట పెట్టలేదు. పత్రికవాళ్ళు ఆవిడకి లక్ష పౌండ్లు పరిహారం ఇచ్చుకున్నారు. ఆ నిలదీసిన రోజున ఆ ఇంట్లోవాళ్ళు మాత్రం ఏమని జవాబు చెప్పి ఉంటారంటారు?