మగ్గమునకు పంపెడి బొమ్మ

చీర అంచున వేయుటకు ఒక మామిడి పిందెను కంప్యూటరుపై గీచితిమనుకొందము. తెరపై ఎంత పెద్దది చేసి చూచినను దాని వంపు చెదరదు. ఏలయన అది చుక్కలతో కూర్చిన బొమ్మ కాదు. గీత ఎక్కడ మొదలై, ఎట్లు వంగి, ఎక్కడ ముగియవలెనో చెప్పెడి లెక్క. దీనినే వెక్టరు చిత్రమందురు.

మగ్గమునకు ఈ లెక్కతో పని లేదు. దానికి గడులు కావలెను. ధర్మవరము పట్టుచీరల అంచులు నేయు జాకార్డు యంత్రమునే తీసికొనుడు. గళ్ల కాగితముపై నిలువు వరుస ఒక కొక్కెమునకు, అడ్డు వరుస ఒక పేక పోగునకు గుర్తు. నిండిన గడికి అట్టలో రంధ్రము పడును. అచ్చట పడుగు లేచును. ఖాళీ గడికి రంధ్రము లేదు, పడుగు లేవదు. సగము లేచుట అను మాట 1804లో ఫ్రాన్సున పుట్టిన నాటినుండి ఆ యంత్రమునకు తెలియదు.

చిక్కంతయు ఇక్కడనే. వెక్టరు చిత్రమును గడుల బొమ్మగా, అనగా బిట్‌మ్యాపుగా మార్చునపుడు సాఫ్ట్‌వేరు మన కంటికి ఇంపుగా నుండుటకై వంపు వెంట బూడిదరంగు గడులను చేర్చును. గడిలో మూడవ వంతు మాత్రమే గీత పడినచో ఆ పాటి నలుపే అద్దును. దీని పేరు యాంటీ ఏలియాసింగ్. తెరపై అక్షరములు చదువుటకు ఇది మేలే. కాని బూడిద గడిని నిండినదనవలెనా, ఖాళీ యనవలెనా? ఎరుపు, పసుపు తాకినచోట నారింజ గడి పుట్టును. ఆ రంగు పోగు నేతగాని వద్ద నుండదు. ఒక్క తప్పు గడి అట్టకెక్కినచో చీర పొడవునా ప్రతి పిందెలోను అదే తప్పు.

ఇంక్‌స్కేప్ అను ఉచిత సాఫ్ట్‌వేరు యొక్క నేటి రూపములలో పీఎన్‌జీగా ఎగుమతి చేయునపుడు యాంటీ ఏలియాసింగ్‌ను 'నన్' అని పెట్టు వీలున్నది. అంతటితో పని తీరదు. వెడల్పును అంగుళములలో గాక గడులలో చెప్పవలెను: 240 కొక్కెములైన 240 గడులు, ఒకటి హెచ్చరాదు, తగ్గరాదు. అంగుళమునకు పడుగు 80, పేక 60 పోగులైనచో 3 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల ఎత్తు గల పిందెకు అటు 240, ఇటు 240 గడులే. కావున బొమ్మ ఎత్తును ముందుగా నాలుగింట మూడు వంతులకు కుదింపవలెను. తెరపై అది పొట్టిగా కనబడును; మగ్గముపై సరియగును.

నునుపు తీసివేసిన పిమ్మట సన్నని గీతలకు ముప్పు గలదు. సాధారణముగా గడి నడిబిందువు గీతలో పడిననే గడి నిండును. గడికంటె సన్నమైన గీత మధ్యమధ్య తెగును, ఒక్కొక్కప్పుడు మాయమే యగును. పిందె తొడిమను ఒక గడికి తక్కువ గాకుండ గీయుడు.

జేపెగ్‌గా మాత్రము దాచవలదు. తీసివేసిన బూడిద మరల చేరును. ఎగుమతియైన బొమ్మలో రంగులను లెక్కింపుడు. రెండు రంగులతో గీచిన పిందెలో మూడవది కనబడినచో అట్టలు కొట్టింపక ఆగవలెను. పొడవుగా తేలు పేక పోగులను బంధించు చుక్కలను ఆ పిమ్మటనే ఒక్కొక్క గడిగా పెట్టుట మేలని మా యభిప్రాయము.