గాజుగొట్టములో ఇరువది నిమిషములు

తనకల్లు పరిసరముల ఎఱ్ఱనేలలలో చెనిక్కాయ పెరుకునపుడు, వంచిన నడుము ఎత్తక వట్టిచేతులతో కట్టెను పెరికి కుప్పలు వేయుచు పోవు కూలి స్త్రీకి, నిన్నటి కుప్ప క్రింద చుట్టచుట్టుకొని పండుకొన్న పింజరి కానరాదు. కానవచ్చునప్పటికి కాటు పడియుండును. చుట్టునున్నవారు "పురుగు ముట్టింది" అని కేక వేయుదురేగాని పాము పేరెత్తరు. ఆపై పసరా, మంత్రమా, సూదియా యను తర్జనభర్జనలో గడచు గడియలే ప్రాణాంతకములు.

2000 మొదలు 2019 వఱకు పాముకాటుచే మన దేశమున సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సగటున 58 వేలమంది, మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది. అందధికభాగమును మోసిన రాష్ట్రములలో మనదియు నొకటి. 2030 నాటికి ఈ మరణములను సగమునకు దింపవలెనని కేంద్రప్రభుత్వము 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. సంకల్పము గొప్పదే. కాని ప్రాణము నిలుచుట మండలకేంద్రపు వైద్యశాలలో ఆ రాత్రి కూర్చున్న యువవైద్యుని ధైర్యముపై ఆధారపడియున్నది.

ఆతనికి కావలసిన పరికరము స్వల్పము. పొడిగా, శుభ్రముగా నున్న క్రొత్త గాజుగొట్టములో రోగి రక్తము రెండు మిల్లీలీటర్లు పోసి, కదలింపక బల్లపై నిలిపి, గోడ గడియారము చూచుచు ఇరువది నిమిషములు వేచి, పిదప మెల్లగా నొకసారి వంచి చూడవలెను. గడ్డకట్టక నీరువలె జారినచో పింజరి విషము రక్తమున కెక్కినదని యర్థము. ప్లాస్టిక్ గొట్టమును, సబ్బుతో కడిగిన గొట్టమును పనికిరావు. అందు మంచి రక్తము సైతము గడ్డకట్టక వైద్యుని మోసగించును. గడ్డకట్టినంతమాత్రమున నిశ్చింతయు కూడదు, మరల మరల పరీక్షింపవలెను. అదియుగాక కట్లపాము విషము రక్తమును విడిచి నరములను పట్టును. నేలపై నిద్రించినవాడు తెల్లవారుజామున కడుపునొప్పి యని వచ్చి, కనురెప్పలు వాల్చుచున్నచో, కాటు గుర్తు లేకున్నను వైద్యుడు పామును తలంపవలెను.

ఇక సూదిమందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికిని మందొక్కటే; కావున పామును చంపి సంచిలో తేనక్కఱలేదు. తొలి మోతాదు పది సీసాలు. పాము పిల్లవాడని విషము తగ్గించి వదలదు గనుక పిల్లలకును అంతియే. అయినను ఇంత తెలిసిన వైద్యుడు సైతము రోగిని కదిరికిని, అచటనుండి అనంతపురమునకును పంపుట కేల మొగ్గును? మందు వికటించునేమో యను భయముచేత. ఆ భయము నిరాధారము కాదు, కాని దానికి విరుగుడు దొరకినది. శ్రీలంకలో 1,007 మంది రోగులపై జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో, మందెక్కించుటకు ముందు పావు మిల్లీగ్రాము అడ్రినలిన్ చర్మము క్రింద ఇచ్చినచో తొలిగంటలో తీవ్రవికారములు 43 శాతము తగ్గినవి; మన వైద్యులు అలవాటుగ నిచ్చు హైడ్రోకార్టిసోన్‌వలన అట్టి మేలు కనబడలేదు. మందును, అడ్రినలిన్‌ను చేతిలో నుంచుకొని రోగిని అంబులెన్సు కెక్కించుట జాగ్రత్త యనిపించుకొనదని నా యభిప్రాయము. తొలిమోతాదు తొలి ఆసుపత్రిలోనే పడవలెను. శ్వాసయంత్రము కావలసివచ్చినచో పెద్దాసుపత్రికి పంపుట అటుపిమ్మటి మాట.

పాఠకులకు మనవి: త్రాడు కట్టకుడు, గాయము కోయకుడు. ఉంగరములు, కడియములు తీసివేసి, కాటుపడిన అవయవము కదలకుండ నుంచి, 108కి ఫోను చేయుడు. కాటుపడిన వేళ ఎంతయో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పుడు.