ఆలస్యానికి మందు లేదు

నాలుగో నెల దాటినా పాపకి మెడ నిలవదు. పిలిస్తే చటుక్కున చూస్తుంది, బోసినవ్వు నవ్వుతుంది. కాళ్లు మాత్రం ఆడించదు. 'కొందరు పిల్లలు నిదానంగానే లేస్తార్లే' అంటుంది అమ్మమ్మ. నూనె రాసి మర్దన చేస్తారు. ఊళ్లో డాక్టరు కాల్షియం టానిక్కు రాసిస్తాడు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్‌ఎంఏ ఉన్న పిల్లల ఇళ్లలో నెలలు తరచూ ఇలాగే జారిపోతాయి.

ఎస్‌ఎంఎన్‌1 అనే జన్యువు లోపిస్తే వచ్చే జబ్బు ఇది. కండరాల్ని నడిపించే వెన్నుపాములోని నాడీకణాలకు కావలసిన ప్రొటీన్ చాలక, అవి వరసగా చచ్చిపోతాయి. తెలివికి ఏ లోటూ ఉండదు. తీవ్రమైన రకంలో ఆరు నెలల్లోపే లక్షణాలు బయటపడతాయి. వైద్యం అందకపోతే ఆ పిల్లల్లో చాలామంది రెండేళ్లు కూడా బతకరు. పోయిన నాడీకణం మళ్లీ రాదు. మందు ఉన్నవాటిని కాపాడుతుంది, అంతే. అందుకే ఇక్కడ ఒక్కో వారానికీ విలువుంది.

అరుదైన జబ్బుల్లో నూటికి 95కి పైగా ఆమోదం పొందిన చికిత్సే లేదు. ఎస్‌ఎంఏకి ఉంది, కానీ ధర అందేది కాదు. 2019లో అమెరికా అనుమతించిన జోల్‌జెన్‌స్మా ఇంజెక్షన్ 16 కోట్ల రూపాయలు. 2021లో హైదరాబాద్‌లో ఓ పసివాడి కోసం వేలాదిమంది చందాలేసుకుని దాన్ని తెప్పించారు. అలాంటి అదృష్టం ఎందరికి?

రిస్డిప్లామ్ రోజూ నోట్లో పోసే మందు, జీవితాంతం వాడాలి. 20 కిలోలు దాటిన బిడ్డకు ఒక సీసా 12 రోజులొస్తుంది. రోష్ కంపెనీ అమ్మే ఆ సీసా ధర 6 లక్షల పైమాటగా ఉండేది. కేంద్రం అరుదైన జబ్బుల విధానం కింద ఒక్కో రోగికిచ్చే 50 లక్షల గరిష్ఠ సాయం ఆ ధరకి మూడు నెలలకే హరించుకుపోయేది.

2025 అక్టోబరులో, ఈ మందును మరో కంపెనీ చవగ్గా అమ్మకుండా ఆపాలన్న రోష్ అభ్యర్థనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. హైదరాబాద్‌కి చెందిన నాట్కో అదే మందును సీసా 15,900 రూపాయలకు విడుదల చేసింది. నెలకయ్యే ఆ 40 వేల ఖర్చు కూలి చేసుకునే ఇంటికి ఇప్పటికీ కొండే. కానీ ఆ 50 లక్షలే ఇప్పుడు పదేళ్లొస్తాయి. నా దృష్టిలో అరుదైన జబ్బుల విషయంలో మన దేశంలో ఇటీవల జరిగిన పెద్ద మేలు ఇదే.

ఇక మిగిలింది జబ్బును వేళకు పట్టుకోవడం. జన్యుపరీక్షకు కాస్త రక్తం చాలు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీలు కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. అక్కడికి వెళ్లమని చెప్పే మొదటి డాక్టరు దొరకడమే కష్టం. మెడ నిలవని బిడ్డను అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్‌ఎం అనుమానించి పంపేలా శిక్షణ ఇవ్వాలి.

మేనరికాలు ఇంకా మానని నేల మనది. తల్లీ తండ్రీ ఇద్దరిలో దాగిన లోపం కలిస్తేనే బిడ్డకు ఎస్‌ఎంఏ వస్తుంది. ప్రతి కాన్పులోనూ ఆ ప్రమాదం నాలుగో వంతు. ఒకే రక్తంలో పెళ్లయితే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. అయినా నింద కోడలి మీదే పడుతుంది. ఇద్దరికీ పరీక్ష చేసి, తర్వాతి గర్భంలో మూడో నెలలోనే సంగతి తెలుసుకోవచ్చని ఆ ఇంటికి ఎవరైనా విడమరిచి చెప్పాలి.

నవజాత శిశువులకు చేయాల్సిన పరీక్షల జాబితాలో అమెరికా 2018లోనే ఎస్‌ఎంఏను చేర్చింది. మడమ నుంచి తీసే రెండు చుక్కల రక్తంతో సరిపోయే పని. మన ప్రసూతి ఆసుపత్రుల్లో అడిగితే, 'తెలిసినా ఆ మందు కొనేదెవరు?' అన్న జవాబు ఇన్నాళ్లూ చెల్లింది. సీసా 16 వేలకు దిగాక ఆ జవాబు చెల్లదు.