పదిహేనేళ్ల పెద్ద తాళం

హైదరాబాద్ రహమత్ నగర్ నుంచి రోజూ సినిమా పనులకు వెళ్లేవాళ్లకు తెలిసిన సంగతే: డబ్బింగ్ థియేటర్ తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఎవరూ లోపలికి అడుగు పెట్టరు. అయితే స్టూడియో మొత్తానికీ ఒకటే ఎర్ర లైటు ఉంటే? ఒక గదిలో డబ్బింగ్ సాగినంతసేపూ మిగతా గదులన్నీ ఖాళీగా పడి ఉండాల్సిందే. ఒకటికి మించిన ప్రాసెసర్ల మీద నడిచే తొలి లైనక్స్ వెర్షన్, 1996 జూన్‌లో వచ్చిన 2.0, సరిగ్గా ఇలాంటిదే. అలన్ కాక్స్ ఈ పనిలో ముందున్నాడు. ఒక ప్రాసెసర్ కెర్నెల్‌లో, అంటే లైనక్స్ మూలభాగంలో, ఉంటే మిగతావి బయటే ఆగాలి. వాటిని ఆపే ఆ ఒకే తాళం పేరు బిగ్ కెర్నెల్ లాక్.

లాక్ ఎందుకంటారా? నెట్‌వర్క్ డ్రైవర్‌లో వచ్చిన ప్యాకెట్ల లెక్క 41 దగ్గర ఉందనుకోండి. రెండు ప్రాసెసర్లు ఒకేసారి 41 చదివి, ఒకటి కలిపి, రెండూ 42 అనే రాస్తాయి. వచ్చినవి రెండు, లెక్కకెక్కింది ఒకటి. లెక్క తప్పితే పెద్ద నష్టం లేకపోవచ్చు. అదే పొరపాటు మెమరీ జాబితాలో జరిగితే యంత్రమే కుప్పకూలుతుంది.

మెమరీని పంచుకోకపోతే ఈ చిక్కు లేదు. హైదరాబాద్‌లోనే, డీఆర్‌డీఓ 1988లో నెలకొల్పిన అనురాగ్ సంస్థ గాలి ప్రవాహపు లెక్కల కోసం ‘పేస్’ అనే సమాంతర కంప్యూటర్‌ను తయారుచేసింది. అందులో ప్రతి ప్రాసెసర్‌కూ సొంత మెమరీ ఉండేది, మాటామంతీ అంతా సందేశాలతోనే. కానీ ఈ రోజు మన ముందున్న సర్వర్లలో కోర్లన్నీ ఒకే మెమరీని పంచుకుంటాయి. ‘ఈగ’ లాంటి సినిమాల గ్రాఫిక్స్‌కు సెకనుకు 24 ఫ్రేములు కావాలి. వాటిని గీసే కోర్లన్నీ డిస్కు కోసం ఒకే కెర్నెల్ దగ్గరకు వస్తాయి. ఒక్క తాళంతో ఆ జోరు తట్టుకోలేం.

అందుకే ప్రతి డేటాకూ విడిగా చిన్న స్పిన్‌లాక్‌లు పెట్టడం మొదలైంది. లాక్ దొరికేదాకా ప్రాసెసర్ అక్కడే మళ్లీ మళ్లీ అడుగుతూ తిరుగుతుంది. నా దృష్టిలో డ్రైవర్ రాసేవాళ్లకు అసలు గండం ఇక్కడుంది. డ్రైవర్ లాక్ పట్టుకున్న క్షణంలో అదే ప్రాసెసర్‌కు పరికరం నుంచి ఇంటరప్ట్ వచ్చింది, దాని హ్యాండ్లర్ కూడా అదే లాక్ అడిగింది. లాక్ వదలాల్సిన కోడ్, హ్యాండ్లర్ ముగిస్తే గానీ కదలదు. హ్యాండ్లర్ లాక్ దొరికితే గానీ ముగియదు. ఆ ప్రాసెసర్ ఇక అక్కడే బిగుసుకుపోతుంది. అందుకే అలాంటి లాక్ పట్టుకునే ముందు ఆ ప్రాసెసర్‌లో ఇంటరప్ట్‌లు ఆపాలి. లాక్ చేతిలో ఉండగా నిద్రపోయే పనేదీ చేయకూడదు, మెమరీ కోసం ఎదురుచూడటం కూడా.

2002లో పాల్ మెకెన్నీ, ఐబీఎం ఇండియాకు చెందిన దీపాంకర్ శర్మ కృషితో ఆర్‌సీయూ అనే పద్ధతి కెర్నెల్‌లోకి వచ్చింది. చదివేవాళ్లకు లాకే అక్కర్లేదు. రాసేవాళ్లు కొత్త ప్రతి తయారుచేసి, పాతదాన్ని చదివేవాళ్లంతా బయటికొచ్చాకే తీసేస్తారు. 2006లో ఇంగో మోల్నార్ లాక్‌డెప్ అనే తనిఖీ సాధనం తెచ్చాడు. ఒకచోట ‘క’ తర్వాత ‘ఖ’, మరోచోట ‘ఖ’ తర్వాత ‘క’ లాక్‌లు పట్టుకుంటే, యంత్రం బిగుసుకుపోకముందే అది హెచ్చరిస్తుంది.

పెద్ద తాళం మాత్రం పాత డ్రైవర్లలో మొండిగా మిగిలింది. దాన్ని తీయడం కన్నా, అది ఇన్నాళ్లూ ఏ డేటాకు కాపలా కాసిందో కనిపెట్టడమే కష్టం. ఆర్న్డ్ బెర్గ్‌మన్ చాలా డ్రైవర్లలో దాని బదులు ఆ డ్రైవర్‌కే సొంతమైన మ్యూటెక్స్ అనే లాక్ పెడుతూ వెళ్లాడు. 2011 మేలో వచ్చిన లైనక్స్ 2.6.39లో బిగ్ కెర్నెల్ లాక్ లేదు.