జానెట్ ఓక్ నవలామాలికలో స్త్రీల స్నేహం - తొలి మాతృత్వం

కెనడా రచయిత్రి జానెట్ ఓక్ (జననం 1935) రచించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ నవల 1979లో వెలువడింది. ఆ కుటుంబ కథ 1989 నాటికి ఎనిమిది నవలలుగా విస్తరించింది. విశ్వాసాన్ని నిత్యజీవితంలో భాగంగా చూపే సాత్త్వికమైన క్రైస్తవ నవలలకు ఈ మాలిక ఒరవడి దిద్దింది. పాఠకులు దీనిని ప్రధానంగా ప్రేమకథగానే ఆదరించారు. కాని తొలి రెండు నవలలను నిశితంగా పరిశీలిస్తే, దాంపత్యానురాగం కంటే ముందుగా స్త్రీల స్నేహమే కథను నిలబెట్టిందని తెలుస్తుంది.

కథాకాలం అమెరికా పశ్చిమ ప్రాంతాలకు వలసలు సాగిన కాలం. భర్త క్లెమ్‌తో బయలుదేరిన మార్టీ దారిలోనే అతనిని కోల్పోతుంది. అప్పటికామె గర్భవతి. భార్య మరణించి, పసిపాప మిస్సీతో ఒంటరిగా ఉన్న క్లార్క్ డేవిస్, తన బిడ్డకు తల్లి కావాలని ఆమెను వివాహం చేసుకొంటాడు. ఇష్టం లేకపోతే తూర్పు దిక్కుకు వెళ్ళే బండ్ల బిడారుతో తిరిగి పంపుతానని మాట ఇస్తాడు. అతడు ఇంటిని ఆనుకొని ఉన్న చిన్న గదిలో పడుకొంటాడు. అంటే కడుపులోని బిడ్డ కంటే ముందే, మరొకరి బిడ్డ ద్వారా మార్టీకి తల్లి బాధ్యత సంక్రమిస్తుంది.

ఆమెకు వంట రాదు. పూటపూటకూ పాన్‌కేకులే. ఈ ఘట్టం హాస్యంగా కనిపించినా, నేర్పే పెద్దదిక్కు లేని పిల్ల దైన్యం దాని వెనుక ఉన్నది. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్ళే ఆచారం ఎరిగిన తెలుగు పాఠకురాలికి ఈ లోటు వెంటనే తడుతుంది. మార్టీకి అందుబాటులో పుట్టిల్లు లేదు, అత్తిల్లూ లేదు. ఆ ఖాళీలోకి వచ్చిన పొరుగామె మా గ్రాహమ్. వంటకాలు వివరంగా చెప్పి నేర్పుతుంది, పురుటి సమయంలో తోడుంటుంది. తానూ భర్తను పోగొట్టుకొని, పిల్లలున్న బెన్‌ను అవసరం కొద్దీ పెళ్ళాడానని, ప్రేమ తరువాత మెల్లగా చేరువైందని తన కథ చెబుతుంది. నవల పేరులోని భావం భర్త నోటి నుండి కాక ఈ స్నేహితురాలి అనుభవం నుండి రావడం గమనార్హం. దుఃఖాన్ని మరచిపొమ్మని ఆమె ఉపదేశించదు. తన గాయాన్ని చూపించి ఊరుకొంటుంది. మార్టీ తన కుమారునికి క్లెమ్ ఇంటిపేరు కలిసివచ్చేట్టు క్లారిడ్జ్ ల్యూక్ అని పేరు పెట్టుకొంటుంది. దానికి క్లార్క్ అడ్డు చెప్పడు.

వాండా మార్షల్‌తో స్నేహం ఇంతకంటే కఠినమైనది. ఆమె పురిటిలోనే బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీ. ఒకరి ఒడి నిండి, మరొకరి ఒడి ఖాళీగా ఉన్నప్పుడు స్నేహం ఎలా నిలుస్తుందన్నది ఇక్కడి ప్రశ్న. రెండవ నవల ‘లవ్స్ ఎండ్యూరింగ్ ప్రామిస్’ (1980)లో వాండాకు రెట్ జన్మిస్తాడు. అయితే ఆ బిడ్డకు బుద్ధిమాంద్యం ఉన్నట్లు క్రమంగా తేలుతుంది. ప్రార్థించినందుకు లోపం లేని బిడ్డ దక్కిందనే సులువైన ముగింపును రచయిత్రి ఎంచుకోలేదు. ఈ మాలికలో నాకు అత్యంత నిజాయితీగా తోచిన భాగమిదే.

అదే నవలలో లార్సన్ ఇంటి ఇల్లాలు మరణించాక ఆమె కుమార్తెలు నాండ్రీ, క్లే మార్టీ ఇంట పెరుగుతారు. మా గ్రాహమ్ నుండి పొందినది మార్టీ మరొక ఇంటి పిల్లలకు అందిస్తున్నది. పరిమితులూ లేకపోలేదు. బాలింత అలసట, నిద్రలేమి, విసుగు వంటివి రచయిత్రి త్వరగా దాటేస్తుంది. స్నేహితురాళ్ళ మాటలు చివరకు సంసారం వైపే మళ్ళుతాయి. పెళ్ళి వద్దనుకొనే మార్టీని ఊహించే చోటు ఈ ప్రపంచంలో లేదు. 2003 నాటి టెలివిజన్ చిత్రంలో మిస్సీని పెంకి వయసు పిల్లగా మార్చారు. దానితో సవతి తల్లికీ కూతురికీ మధ్య ఘర్షణ నాటకీయంగా పెరిగింది గాని, చంటిపిల్లను సాకుతూ కడుపులో బిడ్డను మోస్తున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయి దిగులు పలుచబడిపోయింది.