గోలు కొట్టనివాని బ్రతుకుతెరువు

ఫుట్‌బాల్ పోటీ వ్యాఖ్యానమును రేడియోలో వినునప్పుడు మాటిమాటికి మన చెవిని బడునది గోలు కొట్టినవాని పేరు. గోలు పడకుండ అడ్డుకొన్నవాని పేరు ఒక్కసారి వినిపించును. అంతలో బంతి మరొక వైపునకు పోవును, వ్యాఖ్యాతయు దాని వెంట పోవును. అతడు తప్పు చేసిన నాడు మాత్రము ఆ పేరు పది నిమిషములు మారుమ్రోగును. కాసిపేట గనిలో దిగువారికి ఇది క్రొత్త సంగతి కాదు. పైకప్పునకు బోల్టులు బిగించినవాని పేరు, సపోర్టులు నిలిపినవాని పేరు టన్నుల లెక్కలో ఎక్కడను కానరాదు. కప్పు నిలిచియున్నంత కాలము వారిని ఎవరును తలపరు. నేడు మేము చెప్పదలచినది ఆటస్థలములోని అట్టివాని గూర్చియే. అడ్డుకొనుటయే పనిగా, ఏటేట జట్లు మారుచు, దానితోనే ఇల్లు గడుపుకొన్న ఆటగాని గూర్చి.

ఇంగ్లీషులో ఇట్టివానిని 'జర్నీమన్' అందురు. ఈ మాటకు ప్రయాణముతో సంబంధమున్నట్లు తోచును గాని అసలు సంగతి వేరు. దినము అను అర్థము గల ఫ్రెంచి మాటనుండి అది పుట్టినది. శిష్యరికము ముగించుకొని, సొంత దుకాణము పెట్టుకొనలేక, దినకూలికి పనిచేయు చేతిపనివానికి మొదట ఆ పేరుండెను.

అమెరికాలో ఈ మాట ఆటగాండ్రకు బాగుగ అతికినది. అమెరికావారి ఫుట్‌బాల్ మనము ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టుకొని పరుగెత్తుదురు; ఎదుటివారు మీద పడి నేలకు లాగుదురు. దాడికి 11 మంది, అడ్డుకొనుటకు వేరొక 11 మంది. అందుచే ఒకడు తన జీవితమంతయు అడ్డుకొనుటతోనే గడిపి, బంతిని ముట్టకుండనే విరమించుటయు కలదు. ఆగస్టు నెలాఖరున ప్రతి జట్టును సుమారు 90 మంది నుండి 53 మందికి కుదింతురు. తీసివేయబడినవారిలో కొందరిని అభ్యాసపు జట్టులో వారపు జీతముపై ఉంచుకొని, జాబితాలోనివానికి దెబ్బ తగిలినచో పిలుతురు. బొగ్గుబావులలో బదిలీ వర్కరు గని వద్ద నిలుచుండి, నేడు మస్టరు దొరకునో లేదో యని ఎదురుచూచుట ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. బదిలీ వర్కరు కొన్నాళ్ళకైనను పర్మినెంటు కాగలడు. అక్కడ పర్మినెంటు అను మాటయే లేదు.

అంత దూరము పోనక్కరలేకుండ, ఇట్టి కథ మన హైదరాబాదులోనే కలదు. వృత్తిచే ఉపాధ్యాయులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగ నుండిరి. 1950లో సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైరి. ఆ జట్టు బొంబాయిలో జరిగెడి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగ ఐదేండ్లు గెలిచెను. ఆ జట్టులో బ్యాకుగ ఆడిన అజీజుద్దీన్‌గారు 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలోను, 1956లో మెల్బోర్నులోను భారత జట్టున నుండిరి. హెల్సింకీలో మనవారు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. మనవారిలో పలువురు ఆనాడు వట్టి కాళ్ళతో ఆడిరి. పది గోలులు పడిన నాడు వెనుకనున్నవాని మనస్సు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. నాలుగేండ్లకు మెల్బోర్నులో భారత జట్టు సెమీఫైనలు చేరి నాలుగవ స్థానము పొందెను.

బ్యాకు చేయు పని యేమి? బంతిని తన్నివేయుటయే యని చాలమంది తలంతురు. నిజమునకు అది అతని పనిలో చివరి భాగము. ఎదుటివాడు ఎటు తిరుగనున్నాడో అతని నడుము చూచి పోల్చుకొనవలెను. పాదముల వంక చూచినవాడు మోసపోవును. తన ప్రక్కవాడు ముందుకు పోయినచో ఆ ఖాళీని తాను పూరింపవలెను. వెనుకనుండి ఆట యంతయు కనబడును గనుక, కేకవేసి తోడివారికి దారి చెప్పవలెను. పూర్వము ఇద్దరే బ్యాకులుండిరి. తరువాత నడుమ 'స్టాపరు' అను మూడవవాడు వచ్చెను. 1958లో బ్రెజిలు ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట నలుగురి పద్ధతి అంతట వ్యాపించెను. రహీమ్‌గారు దానిని మన దేశమున త్వరగ అలవరచినవారిలో ఒకరు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకము ఆయన శిక్షణలోనే వచ్చెను. ఆ పోటీలలో స్టాపరు జర్నయిల్ సింగ్‌గారికి తలపై గాయమై కుట్లు పడగా, రహీమ్‌గారు ఆయనను ముందు వరుసలో ఆడించిరి. ఆయన ఫైనలులో గోలు కొట్టిరి. నేటికిని జర్నయిల్ సింగ్ అనగానే జనులు చెప్పుకొనునది ఆ గోలునే. ఏండ్ల తరబడి ఆయన ఆపిన గోలుల లెక్క ఎవరి యొద్దను లేదు.

1963లో రహీమ్‌గారు క్యాన్సరు వ్యాధితో మరణించిరి. ఆపై హైదరాబాదు ఆటగాండ్ర చూపు కలకత్తా వైపు మరలెను. ఇక్కడ పోలీసు ఉద్యోగమున్నది. నెల జీతము, విరమణ పిదప పింఛను ఉన్నవి. అక్కడ వేలాది ప్రేక్షకులు, పేరు, ఇంతకు మించిన సొమ్ము. కాని ఆ సొమ్ము కాగితముపై నుండెడిది కాదు. ఆనాడు మన ఫుట్‌బాల్ పేరునకు ఔత్సాహికుల ఆట. క్లబ్బు చేతికిచ్చినది చేతికిచ్చినదే; రైల్వేలోనో బ్యాంకులోనో ఒక కొలువు దొరకినచో అదృష్టము. ఏటేట బదిలీల సమయమున ఆటగాడు స్వయముగ సంఘము కార్యాలయమునకు పోయి, ఆ యేడు ఏ క్లబ్బుకు ఆడునో సంతకము చేయవలెను. ఎదుటి క్లబ్బువారు ఎత్తుకొనిపోవుదురేమో యని ఆటగాండ్రను రహస్యముగ ఇండ్లలో దాచిన కథలు కలకత్తాలో నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. మాకు అందులో నవ్వు అంతగ కనబడదు. ఆ సంతకము ఒక యేటికే చెల్లును. నడుమ మోకాలు దెబ్బతిన్నచో మరుసటి యేడు దాచువారును ఉండరు.

హైదరాబాదు రక్షకుడు సయ్యద్ నయీముద్దీన్‌గారు 1966లో ఈస్ట్ బెంగాల్ చేరిరి. తరువాతి యేండ్లలో మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకును ఆడిరి. ఈ మూడు క్లబ్బుల అభిమానుల నడుమ నున్న వైరము మనకు ఎన్నికల నాడైనను కానరాదు. నిన్నటి వరకు జేజేలు కొట్టినవారే నేడు ఎదుటి గట్టుపై కూర్చుండి తిట్టుదురు. ఆ తిట్లు వినుచు, నిన్నటి తోడివానినే నేడు అడ్డుకొనవలెను. ఆయనతోపాటు అదే కాలమున కలకత్తా చేరిన హైదరాబాదు వీరుడు మహమ్మద్ హబీబ్‌గారు ముందు వరుసవారు. 1977లో పీలే వచ్చి కలకత్తాలో ఆడిన పోటీలో హబీబ్‌గారు గోలు కొట్టిరి. ఆ ముచ్చట ఆయన 2023లో కన్నుమూసిన నాడు పత్రికలన్నిటను మరల వచ్చెను. రక్షకునికి అట్టి ఒక్క దినము దొరకుట అరుదు.

నయీముద్దీన్‌గారికి దొరకినది వేరు రీతిది. 1970 డిసెంబరులో బ్యాంకాకు ఆసియా క్రీడలలో ఆయన భారత జట్టు నాయకులు. సెమీఫైనలులో బర్మా చేతిలో ఓడినను, మూడవ స్థానమునకు జరిగిన పోటీలో మనవారు జపానును 1-0 తేడాతో ఓడించిరి. ఆ సున్నయే రక్షకుని సంపాదన. ఆ తరువాత మన పురుషుల జట్టుకు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ పతకము రాలేదు. అదే యేట ఆయనకు అర్జున పురస్కారము లభించెను.

ఇక మోకాలి సంగతి. రక్షకుడు ముందుకు పరుగెత్తుచు అకస్మాత్తుగ వెనుకకు తిరుగవలెను. పాదము నేలలో నాటుకొని యుండగా శరీరము మెలితిరుగును. ఆ మెలిలో మోకాలి నడుమనున్న మృదులాస్థి చీలవచ్చును, లోని బంధనము తెగవచ్చును. ఆ కాలమున చీలిన మృదులాస్థిని కోసి తీసివేయుటయే ఎక్కువగ జరిగెడి చికిత్స. వయస్సు మీరినకొలది కీలు అరిగి నొప్పి నిలిచిపోయెడిది. నేడు సన్నని గొట్టముతో లోపల చూచి సరిచేయుచున్నారు. పోలీసు ఆటగానికి మోకాలు పోయినను ఠాణాలో కుర్చీ యుండెను. సింగరేణి కార్మికుల పోటీలలో ఆడువారికిని అంతే. ఆట ఆగినను షిఫ్టు ఆగదు. సంతకముపై బ్రతికినవానికి ఆ కుర్చీ లేదు. అందుచేతనే వారిలో పలువురు ఆట ముగియగానే శిక్షకులగుటకు యత్నించిరి. వెనుకనుండి ఆటనంతయు చూచు అలవాటు అక్కడ అక్కరకు వచ్చును.

నయీముద్దీన్‌గారును ఆ దారినే పోయిరి. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే యేట డ్యూరండ్ కప్పు, రోవర్స్ కప్పు, ఐ.ఎఫ్.ఏ. షీల్డు మూడింటిని గెలిచెను. ఆ యేటి ద్రోణాచార్య పురస్కారము ఆయనకు వచ్చెను. అప్పటికి, హైదరాబాదు విడిచి ఆ క్లబ్బు పుస్తకములో తొలిసారి సంతకము చేసి 24 ఏండ్లు.