వదిలేశాక తోసేదెవరు?

క్యారమ్ బోర్డు ముందు కూర్చున్నారు. స్ట్రైకర్‌ని వేలితో కొట్టారు. అది సర్రున వెళ్లి కాయిన్‌కి తగిలింది. వేలు తాకింది క్షణమే. మరి ఆ తరవాత స్ట్రైకర్‌ని నడిపించిందెవరు? చిన్నపిల్లల ప్రశ్నలా ఉంది కదూ! దీనికి సరైన జవాబు దొరకడానికి దాదాపు రెండువేల ఏళ్లు పట్టింది.

గాలే తోస్తుందట!

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానికి చెందిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ మాట ఒకటే... తోసేది లేనిదే ఇలాంటి కదలిక ఉండదు. ఎద్దులు ఆగితే బండీ ఆగుతుంది కదా, అలా అన్నమాట. మరి చెయ్యి వదిలేసిన రాయి ఎలా వెళ్తోంది? విసిరినప్పుడు చుట్టూ ఉన్న గాలికి కూడా తోసే శక్తి అందుతుందనీ, ఆ గాలే రాయిని ముందుకు నెడుతుందనీ చెప్పాడాయన.

మన వైశేషిక దర్శనం ఇంకో దారి పట్టింది. కణాదుడి పేరుతో ఉన్న సూత్రాల ప్రకారం... వింటినారి తోపు బాణానికి మొదటి కదలికనిస్తుంది. ఆ కదలిక వల్ల బాణంలోనే 'సంస్కారం' పుడుతుంది. తరవాతి కదలికలకు అదే కారణం. అది లేకపోయాక బరువు వల్ల బాణం కిందపడుతుంది. ఈ సంస్కారాన్నే ప్రశస్తపాదుడు 'వేగం' అన్నాడు.

బొంగరం చెప్పిన సాక్ష్యం

6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలోపోనస్ అరిస్టాటిల్‌నే నిలదీశాడు. గాలే తోస్తుంటే, రాయిని ఓ కర్ర చివర పెట్టి వెనకనుంచి ఎంత గాలి కొట్టినా అది మూరెడు దూరమైనా పోదేం? విసిరేవాడి నుంచే రాయిలోకి శక్తి చేరుతుందన్నది ఆయన వాదన.

పర్షియా పండితుడు ఇబ్న్ సీనా (980-1037) మరో అడుగు వేశాడు. శూన్యంలో అడ్డేమీ ఉండదు కాబట్టి విసిరిన వస్తువు ఆగకుండా పోతూనే ఉండాలన్నాడు. అది అసాధ్యం, కాబట్టి అసలు శూన్యమే లేదని తేల్చేశాడు! గుమ్మం దాకా వచ్చి వెనుదిరగడమంటే ఇదే.

14వ శతాబ్దంలో పారిస్ పండితుడు బురిడాన్ బొంగరాన్ని చూపించాడు. అది ఉన్నచోటే తిరుగుతుంది. చోటు మారనిదాన్ని వెనకనుంచి తోసే గాలెక్కడిది? వస్తువులో చేరిన శక్తికి ఆయన పెట్టిన పేరు 'ఇంపిటస్'. గాలి అడ్డుకోవడం వల్లా, సొంత బరువు వల్లా అది తరిగిపోతుందన్నాడు.

ప్రశ్నే మారింది

అప్పటిదాకా అందరి వెతుకులాటా నడిపించేదాని కోసమే. గెలీలియో వాలుబల్లల మీద గుండ్లు దొర్లించి చూశాడు. ఒక వాలు దిగిన గుండు ఎదురు వాలు మీద ఇంచుమించు అంతే ఎత్తుకు ఎక్కాలని చూస్తుంది. ఎదురు వాలు తగ్గేకొద్దీ మరింత దూరం పోతుంది. మరి అసలు వాలే లేకపోతే? అడ్డేదీ లేనంతవరకూ పోతూనే ఉంటుంది! ఆ కదలిక సరళరేఖలోనే సాగుతుందని 1644లో డెకార్ట్ చెప్పాడు. 1687లో న్యూటన్ దాన్ని తన మొదటి గమన సూత్రంగా నిలబెట్టాడు.

అంటే కదులుతున్నదాన్ని కదిలించడానికి ఎవరూ అక్కర్లేదు. ఆపడానికే ఏదో ఒకటి కావాలి. మన చుట్టూ ఎక్కడ చూసినా రాపిడే. అందుకే అరిస్టాటిల్ చెప్పింది ఇప్పటికీ నిజంలాగే అనిపిస్తుంది. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అయితే వెనకనుంచి తోసే ఇంజినేదీ లేకుండానే సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది.

ఈసారి మీ పిల్లలతో క్యారమ్స్ ఆడేటప్పుడు ఓసారి పౌడర్ లేకుండా, ఇంకోసారి పౌడర్ చల్లి స్ట్రైకర్‌ని కొట్టించండి. పౌడర్ స్ట్రైకర్‌ని తోయదు. అడ్డు తగ్గిస్తుందంతే. ఆ తేడా పట్టుకోవడానికే ఇంతమంది మహానుభావులు తలలు బద్దలుకొట్టుకున్నారు మరి!